చేట ఆగిన చోట

ముప్పై ఏళ్ళకు పైగా నేను ఒక దినపత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. ఆఫీసు విజయనగరంలో. ఊళ్ళ నుంచి విలేకరులు పంపే వార్తలు దిద్ది, పేజీలో చోటున్న మేరకు కోసి, హెడ్డింగు పెట్టడం నా పని. వాటిలో సగం సభల వార్తలే. ఎవరో పిలుపునిచ్చారు, ఎవరో హితవు పలికారు, ఎవరో ఆవేదన వ్యక్తం చేశారు. గంటన్నర ఉపన్యాసాన్ని నాలుగు వాక్యాల్లోకి కుదించడం నాకు చెయ్యి తిరిగిన విద్య. అంతమంది మాటలు కోసినవాణ్ణి, నేను మాత్రం ఒక్క సభలోనూ నోరు తెరవలేదు. ఆఫీసులో ఎవరికైనా వీడ్కోలు సభ పెడితే, శాలువా కప్పే వేళకు పేజీ పనుందని లేచిపోయేవాణ్ణి. నా రిటైర్మెంటు రోజున కూడా అందరికీ నమస్కారం, అందరూ భోంచేసే వెళ్ళాలి అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాను.

ఈ భయం తొమ్మిదో తరగతిలో పట్టుకుంది. స్కూలు వార్షికోత్సవానికి తెలుగు మాస్టారు ఒక ఉపన్యాసం రాసిచ్చి బట్టీ పట్టమన్నారు. పట్టాను. స్టేజీ ఎక్కి "సభకు నమస్కారం" అన్నాక రెండో మాట రాలేదు. ఎదురుగా ఊరంతా నిశ్శబ్దంగా కూర్చుని ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు. చివరికి వెనక నుంచి నా సావాసగాడు "ఒరే బావా, కూకో. మరేటి సేత్తావు" అన్నాడు. సభంతా గొల్లుమంది. ఆ నవ్వు కొన్నాళ్ళకి మర్చిపోయాను గాని, దాని ముందరి నిశ్శబ్దం మాత్రం మైకు కనిపించినప్పుడల్లా గుర్తొచ్చేది.

రిటైరయ్యాక తరచు మా చెల్లి దగ్గరికి వెళ్తూ ఉన్నాను. నాకన్నా పదేళ్ళు చిన్నది. శ్రీముఖలింగానికి కొద్ది దూరంలో, వంశధార కాలవ పక్కన వాళ్ళ ఊరు. దాని మొగుడూ నేనూ ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. బావకి నాలుగెకరాల వరి, మెట్ట మీద కాస్త మినుములూ నువ్వులూ. పెళ్ళయిన చాలా ఏళ్ళకి పుట్టిన ఒక్కతే కూతురు.

నేను చెప్పే ఏడు ఆ పిల్ల ఇంటరులో చేరింది. కాలేజీ టౌన్లో ఉంది. పొద్దున్న వెళ్ళడానికో బస్సు, సాయంత్రం ఐదుంబావుకి టౌన్లో బయల్దేరి ఊరికి తెచ్చేది ఒకటి. ఊళ్ళో పదకొండు మంది ఆడపిల్లలు వాటిని నమ్ముకునే చదువుతున్నారు. వానాకాలం చివర్లో సాయంత్రం బస్సు తీసేశారు. జనం ఎక్కడం లేదని డిపో వాళ్ళు చెప్పిన కారణం. పిల్లలు ఆటోలో హైవే జంక్షను దాకా వచ్చి, అక్కణ్ణుంచి మూడు కిలోమీటర్లు కాలవ గట్టు మీద నడిచేవారు. కార్తీకం వచ్చేసరికి ఆ దారిలో చీకటి పడిపోయేది. బావ వీలైన రోజుల్లో మోటారుసైకిల్ మీద జంక్షనుకి వెళ్ళి కూతుర్ని తెచ్చుకునేవాడు. కోతలు మొదలైతే ఆ వేళకి కళ్ళం వదిలి రావడం ఎవరికీ కుదరదు. దసరా సెలవుల తర్వాత ముగ్గురు పిల్లలు కాలేజీకి వెళ్ళడమే మానేశారు.

ఒకరోజు భోజనాల దగ్గర బావ, కూతురు వినేలాగే, తన నిర్ణయం చెప్పాడు. "ఈ ఏడు పరీక్షలు రాయించెత్తాను బావా. ఆపైన సదువు నేదు." ఆ పిల్ల మజ్జిగ గిన్నె దగ్గరికి లాక్కుంది. చెల్లి నా వైపు చూసింది.

ఆ నెలలోనే ఊళ్ళో ఒక సభ పెట్టారు. మండలం అధికారులతో పాటు బస్సుల సంగతి చూసే పెద్ద అధికారి కూడా వస్తున్నారని తెలిసింది. ఊరి తరఫున ఎవరు మాట్లాడాలన్న ప్రశ్న వచ్చేసరికి సర్పంచితో సహా అందరూ నా వైపే తిరిగారు. పేపర్లో చేసినవాడికి మాటలకేం కొదవని వాళ్ళ నమ్మకం. రాయడం వేరు, మాట్లాడ్డం వేరు అని నేను నసుగుతుంటే చెల్లి గుమ్మంలోంచి, "మాటాడతాడు. ఎందుకు మాటాడడు?" అని తేల్చేసింది.

వార్తలు రాసేవాళ్ళకి మొదటివారంలోనే నేర్పే పాఠం ఒకటుంది. ముఖ్యమైనది మొట్టమొదట రాయాలి, ముఖ్యం కానిది కిందికి పోతూ ఉండాలి. చోటు చాలకపోతే డెస్కులో నాలాంటివాడు కింది నుంచి కోసుకుంటూ వస్తాడు. ఎంత కోసినా అసలు సంగతి బతుకుతుంది. నా ప్రసంగాన్ని అచ్చం అలాగే రాశాను. మొదటి వాక్యంలోనే బస్సు, పదకొండు మంది పిల్లలు, మానేసిన ముగ్గురు, బస్సు మళ్ళీ వెయ్యాలన్న కోరిక. తర్వాత ఆ రూటు చరిత్ర. ఊరికి మొదటి బస్సు ఎలా వచ్చింది, వరదొచ్చిన ఏడు ఎన్నాళ్ళు ఆగిపోయింది. అట్టడుగున, కోసేసినా నష్టం లేని పేరా ఒకటి. బస్సు కోసం నిలబడే చోట నీడ లేక ముసలివాళ్ళు ఎండకి అవస్థ పడుతున్నారని. రాసి చదువుకుంటే నాకే ముచ్చటేసింది. పేజీకి పంపినా ఎవరూ అక్షరం ముట్టరు.

సభ రోజు పొద్దున్నుంచీ ఆ కాగితం ఎన్నిసార్లు మడిచానో, ఎన్నిసార్లు విప్పానో. నా పేరు పిలిచారు. వేదిక మీద సన్మానాలు ఇంకా పూర్తి కాలేదు. అధికారికి శాలువా కప్పారు, ఫొటో సరిగా రాలేదని మళ్ళీ కప్పారు. కుర్చీలు చాలక స్కూల్లోంచి బెంచీలు మోసుకొస్తున్నారు. మైకు కీచుమంది. తలెత్తితే జనం కనబడతారు కాబట్టి నేను తలెత్తలేదు. కాగితం పల్చటిది, చేతుల్లో గలగలలాడుతోంది. దాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని చదువుకుంటూ పోయాను. బెంచీలు సర్దుకుని, అధికారి ఫోను జేబులో పెట్టుకుని, సభ కుదుటపడేసరికి నేను అట్టడుగు పేరాలో ఉన్నాను. నీడ లేదు, ముసలివాళ్ళు, ఎండ. అందరూ గట్టిగా చప్పట్లు కొట్టారు. నెగ్గాననుకుని చెమట తుడుచుకున్నాను.

అధికారి జవాబులో, ఊరి పెద్దలు ప్రయాణికుల షెల్టరు అవసరాన్ని చక్కగా వివరించారని, తప్పకుండా కట్టించే ఏర్పాటు చూస్తానని మాటిచ్చారు. మాట నిలబెట్టుకున్నారు కూడా. మాఘం వచ్చేసరికి ఊరి మొదట్లో నాలుగు స్తంభాలు, పైన నీలం రేకు, కింద సిమెంటు బల్లతో షెల్టరు లేచింది. సాయంత్రం బస్సు మాత్రం రాలేదు. పొద్దుటి బస్సు ఎప్పట్లాగే వంద అడుగుల అవతల టీ బడ్డీ దగ్గర ఆగేది. షెల్టర్లో మధ్యాహ్నం పూట మేకలు పడుకునేవి.

ఊరు నన్ను ఊరికే వదల్లేదు. టీ బడ్డీ దగ్గర ఒకాయన, నాకు బావ వరస, నేను కనబడితే చాలు, పక్కవాళ్ళకి వినబడేలా అనేవాడు: "ఈసారి రైలడుగుదుం బావా. బస్సిత్తారేటో." నేనూ నవ్వేవాణ్ణి. చెల్లి మాత్రం షెల్టరు మాట వస్తే లేచి పెరట్లోకి వెళ్ళేది. నాకు ఆ ఎగతాళి కన్నా ఇదే కష్టంగా ఉండేది. ఒకరోజు మేనకోడలు నెమ్మదిగా అడిగింది, నేను సభలో బస్సు మాట అసలు ఎత్తానా అని. మొదటి వాక్యమే అది కదే అన్నాను.

"నాను ముందు వరసలోనే కూకున్నాను మావా. ఇనపడనేదు."

తప్పు ఎక్కడ జరిగిందో అప్పటికి గాని నాకు తెలిసి రాలేదు. పేపరు చదివేవాడు మొదటి వాక్యం దగ్గర మొదలుపెడతాడు. సభకొచ్చినవాడు ఎక్కడ మొదలుపెడతాడో అతనికే తెలీదు. మా వైపు సభల్లో మొదటి రెండు మూడు నిమిషాలు శాలువాలకీ బెంచీలకీ పోతాయి. వందల సభల వార్తలు దిద్దినవాణ్ణి, ఆ సభల్లో ఒక్కదాంట్లోనూ కూర్చున్నవాణ్ణి కాను. పైగా తలొంచుకుని చదవడం వల్ల, ఎవరూ వినడం లేదన్న సంగతి కూడా నా కంట పడలేదు. భయపడి కాగితం చాటున దాక్కున్నాను, అంతే.

షెల్టరు ప్రారంభానికి అదే అధికారి వస్తున్నారని కబురొచ్చింది. అడిగి సాధించినవాడు కాబట్టి నాకూ ఒక శాలువా కప్పుతారట, నేను రెండు ముక్కలు కృతజ్ఞతలు చెప్పాలట. సర్పంచి ఆ మాట చెప్పినప్పుడు బావ అక్కడే ఉన్నాడు. ఫస్టియరు పరీక్షలకి ఇంక నెల కూడా లేదు. తన నిర్ణయం మారలేదని అతను ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. నాకు వారం రోజుల గడువుంది.

ఈసారి రాయడానికి ముందు, విలేకర్లని నేను ఎప్పుడూ విసుక్కుంటూ అడిగే ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను. ఎవరినైనా అడిగావా? లేదు. పదకొండు మంది ఎక్కే బస్సుని జనం లేరని ఎలా తీసేశారు? మేనకోడల్ని పిలిచి అడిగాను. జులై నుంచి కాలేజీలో స్టడీ అవరు పెట్టారని, ఐదున్నరకి గాని వదలరని చెప్పింది. ఐదుంబావు బస్సు అప్పటికే వెళ్ళిపోయేది. పిల్లలు జులైలోనే ఆటోలకి మళ్ళారు, వెలుతురున్నన్నాళ్ళూ ఇళ్ళల్లో ఎవరూ పట్టించుకోలేదు. బస్సు రెండు నెలలు ఖాళీగా తిరిగి తిరిగి ఆగిపోయింది. మరి ఈ సంగతి ఎవరికీ చెప్పలేదేమే అన్నాను.

"ఎవులడిగారు?" అంది.

అడగాల్సింది కొత్త బస్సు కాదని అలా తెలిసింది. అదే బస్సు, అరగంట ఆలస్యంగా. పై వాళ్ళని అడగకుండా ఆ అధికారి తన చేతి మీద చెయ్యగలిగిన పని.

రాయడం మొదలుపెట్టాను. మొదటి ప్రతి పట్టుకుని వసారాలో నిలబడి చదివాను. చెల్లి గుమ్మం పక్కన కూర్చుని బియ్యం చెరుగుతోంది. మేనకోడలు ఫోన్లో టైము చూస్తోంది. తొమ్మిది నిమిషాలంది. ఎక్కువా అని అడిగితే, వాళ్ళ ఫిజిక్సు సారు కన్నా తక్కువేనంది. చెల్లిని అడిగాను, ఎలా ఉందే అని. బాగుందంది. దానికి నేను ఏం చేసినా బాగానే ఉంటుంది. అందుకని రెండోసారి చదివేటప్పుడు దాన్ని అడగలేదు, చూశాను. చేట ఎగురుతోంది, నూక ఒక పక్కకి పోతోంది. రూటు చరిత్ర నడిచినంతసేపూ చేట లయ తప్పలేదు. మానేసిన ముగ్గురి మాట వచ్చినప్పుడూ తప్పలేదు. ఆ ముగ్గురిలో ఒక పిల్ల కాలేజీ చున్నీని వాళ్ళమ్మ ఎండబెట్టిన మినుముల మీదికి కాకులు రాకుండా కర్రకి కట్టిందని చదివాను. చేట ఆగింది. మళ్ళీ కదిలింది. కాలేజీ వదిలేది ఐదున్నరకి, బస్సు వెళ్ళేది ఐదుంబావుకి అన్నప్పుడు ఇంకోసారి ఆగింది. రెండు చోట్లా పెన్సిలుతో గీత పెట్టుకున్నాను.

మూడో గీత కాగితం మీద లేని మాటకి పడింది. కార్తీకంలో ఒక సాయంత్రం నేను బావతో జంక్షనుకి వెళ్తుంటే బండి పంక్చరై, దారి మధ్యలోనే నిలబడిపోయాం. పిల్లలు గట్టు మీద ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. ముందు నడిచే పిల్ల చేతిలో ఫోను దీపం ఉంది. దాన్ని తన కాళ్ళకి కాకుండా వెనక్కి పట్టుకుని, వెనకవాళ్ళకి దారి చూపిస్తూ, తను చీకట్లోకి నడుస్తోంది. దగ్గరికొచ్చాక చూస్తే మేనకోడలే. ఆ సంగతి ఆ వేళ వసారాలో ఊరికే గుర్తొచ్చి, చదవడం ఆపి చెప్పాను. చెల్లికి అది తెలీదు. చేట ఒళ్ళో పెట్టుకుని కూతురి వైపు చాలాసేపు చూసింది. కూతురు ఫోనులో తల దూర్చేసి, "ఎవులో ఒకలు అట్టుకోవాల కదేటి" అని గొణిగింది.

కోయడం నాకు చేతనైన పని. చేట ఆగిన మూడు చోట్లూ ఉంచి మిగతాదంతా కొట్టేశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి పైనుంచి కోశాను. షెల్టరుకి కృతజ్ఞతలు మొదట పెట్టాను, బెంచీలు సర్దుకునే వేళకి అవి చాలు. అసలు కోరిక చివర పెట్టాను.

ఇంక మిగిలింది భయం. అది పోతుందేమోనని వారం చూశాను, పోలేదు. దాంతో సర్దుకోవడమే నేర్చుకున్నాను. పల్చటి కాగితం వద్దని మేనకోడలు పాత శుభలేఖలు తెచ్చి నిలువుగా కత్తిరించింది. మూలల్లో పసుపు మరకలున్న గట్టి అట్టలు. చెయ్యి వణికినా అవి చప్పుడు చెయ్యవు. ఒక్కో అట్ట మీద ఒక్కటే మాట రాసుకున్నాను: షెల్టరు, చున్నీ, దీపం, అరగంట. వాక్యాలు బట్టీ పట్టలేదు. తొమ్మిదో తరగతిలో నన్ను ముంచింది ఆ బట్టీయే. ఒక్క మాట జారితే దాని వెనక ఉన్నదంతా జారిపోయింది. రోజూ పొద్దున్న కాలవ గట్టు మీద నడుస్తూ, అదే సంగతి రోజుకో రకంగా పైకి చెప్పుకునేవాణ్ణి. గేదెల్ని తోలుకెళ్ళేవాళ్ళు పలకరించడం మానేసి పక్కకి తప్పుకోవడం మొదలుపెట్టారు. అయిదో రోజున టీ బడ్డీ బావకే చెప్పి చూశాను. అతను టీ గ్లాసు దించి, "స్టడీ అవరేటి? మరి ముందెందుకు సెప్పనేదు?" అన్నాడు. రైలు మాట ఎత్తలేదు.

ప్రారంభం రోజు కొబ్బరికాయ కొట్టారు, రిబ్బను కత్తిరించారు. మేకల్ని ముందుగానే తోలేశారు. నాకు శాలువా కప్పారు, ఫొటో కోసం రెండోసారి కూడా కప్పారు. మైకు నా చేతికిచ్చారు. నలుగురు కూర్చునే నీడ ఇచ్చినందుకు ఊరి తరఫున కృతజ్ఞతలు చెప్పాను. అధికారి ఫోన్లో మాట్లాడుతున్నారు. వెనక ఎవరో కుర్చీ కోసం తగువు పడుతున్నారు. నేను మొదటి అట్ట వెనక్కి పెట్టి, ఆగాను.

ఊరికే నిలబడ్డాను. మెల్లగా మాటలు అణిగాయి. మళ్ళీ అదే నిశ్శబ్దం. చిన్నప్పుడు దాంట్లో నాకు చెప్పడానికేమీ మిగల్లేదు. ఇప్పుడు ఇంకా మూడు అట్టలు మిగిలున్నాయి. రెండో వరసలో చెల్లి చీర కొంగు నులుపుతూ కూర్చుంది. ఎందుకు ఆగిపోయానా అని అధికారి తలెత్తి చూశారు. ఫోను పక్కన పెట్టారు. అప్పుడు మొదలుపెట్టాను. సభకి చెప్పలేదు, చెల్లికి చెప్పాను. చున్నీ సంగతి దాటి దీపం సంగతికి వచ్చేసరికి కొంగు నులపడం ఆగింది. చివరి అట్ట తీసి, కాలేజీ వదిలే వేళా బస్సు బయల్దేరే వేళా చెప్పాను.

"మాకు కొత్త బస్సు వద్దండి. పాత బస్సే ఇవ్వండి. అరగంట ఆలస్యంగా ఇవ్వండి."

మొత్తం నాలుగు నిమిషాలని తర్వాత మేనకోడలు చెప్పింది. చప్పట్లు పోయినసారంత గట్టిగా లేవు. కాని అధికారి జేబులోంచి పెన్ను తీశారు. తలూపిన అధికారికీ పెన్ను తీసిన అధికారికీ ఉన్న తేడా పత్రికల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. రాసుకుంటూ తలెత్తి, ఐదు ముప్పావుకా, ఆరుకా అని అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర అట్ట లేదు. చేతిలోవి నాలుగూ తిరగేశాను.

ఆడవాళ్ళ వరసల్లోంచి మేనకోడలు లేచి నిలబడింది. మైకు లేదు, కాగితం లేదు.

"ఐదు ముప్పావండి. ఆరైతే మరీ సీకటడిపోతాది. ఐదున్నరకి వదిలితే బస్టాండుకి పది నిమిషాల్లో వచ్చెత్తాం."

అధికారి అదే రాసుకున్నారు. నెల రోజులు వేసి చూస్తామని, పిల్లలు ఎక్కితే ఉంచుతామని అన్నారు. ఆ పిల్ల కూర్చుంది. అన్నాళ్ళు నేను పడ్డ అవస్థ దాని మొహంలో ఎక్కడా కనబడలేదు. బావ వెనక నిలబడి ఉన్నాడు. సభ అయ్యాక కుర్చీలు మోయించడానికి వెళ్ళిపోయాడు.

పరీక్షలకి పది రోజుల ముందు సాయంత్రం బస్సు మొదలైంది. మొదటి రోజు ఎనిమిది మంది దిగారు. డ్రైవరు అలవాటు కొద్దీ షెల్టరు దాటి వచ్చి టీ బడ్డీ దగ్గరే ఆపాడు. ఇప్పటికీ అక్కడే ఆపుతున్నాడు. మానేసిన ముగ్గురిలో ఒక పిల్ల తిరిగి వెళ్ళింది. చున్నీ పిల్ల వెళ్ళలేదు. అప్పటికే దానికి పెళ్ళి కుదిరింది.

నేను విజయనగరం వచ్చేశాను. నెల గడువు అయ్యేదాకా బావ నుంచి ఫోను లేదు. బస్సు నిలబడిందని చెల్లి చెప్పింది గాని, మేనకోడలి చదువు సంగతి అడిగితే, మీ బావనే అడుగు అంది. ఆ మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది. బావ. కుశలప్రశ్నలు లేవు.

"సెకండియరు పుస్తకాలు ఆ ఇజీనారంలో దొరుకుతాయేటి బావా? వచ్చినప్పుడు అట్టుకురా."